ఒకే బ్లాకు, రెండు ల్యాబులు, రెండు అంకెలు: కేఐ-67 ఎక్కడ మారుతుంది?

డాక్టర్ గారూ, నమస్కారం.

తర్వాత చదివేవారి కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తున్నాను. 52 ఏళ్ల మహిళ. రొమ్ములో 2.2 సెంటీమీటర్ల గడ్డ, చంకలోని గ్రంథులకు పాకలేదు. కోర్ బయాప్సీలో (సూదితో తీసిన సన్నటి ముక్కలో) ఈఆర్, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, పాజిటివ్; గడ్డ పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్ హెర్2 నెగెటివ్. విభజన చెందుతున్న గడ్డ కణాల శాతాన్ని చెప్పే కేఐ-67 మీ ల్యాబులో 12 శాతం వచ్చింది. కుటుంబసభ్యులు అదే బ్లాకును (బయాప్సీ ముక్కను మైనంలో పోతపోసిన దిమ్మను) హైదరాబాద్‌లోని మరో ల్యాబుకు తీసుకువెళితే 28 శాతం అని రిపోర్టు ఇచ్చారు. ఎవరిది తప్పు అని ఆమె కుమారుడు మిమ్మల్ని నిలదీశాడు. ఇలాంటిది మళ్లీ జరగకుండా ఈ కొలతను ప్రామాణికం చేసుకోవడం ఎలాగని మీరు అడిగారు.

నేను ఇరవై నాలుగేళ్లుగా హిస్టోపాథాలజీలో ఉన్నాను. అందులో పదిహేనేళ్లకు పైగా ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో కణజాలంలోని ప్రొటీన్లకు రంగు వేసి చూసే పద్ధతి) విభాగం బాధ్యత నాదే. మీకు వచ్చిన సమస్య నాకూ చాలాసార్లు వచ్చింది, కాబట్టి చేతితో చేసి నేర్చుకున్నదే చెబుతాను.

మొదట చేయకూడనిది ఒకటి చెప్పాలి. 12, 28 కలిపి సగం చేసి 20 అని రాయకండి. కొందరు ఆంకాలజిస్టులు ఒత్తిడిలో ఆ పని చేయడం చూశాను. ఆ 20 ఏ స్లైడులోనూ లేదు, ఎవరూ లెక్కపెట్టినదీ కాదు.

రెండో మాట మీకు కాస్త ఊరటనిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో కేఐ-67 కోసం ఏర్పడిన అంతర్జాతీయ కార్యవర్గం 2021లో సవరించిన సిఫారసులు ప్రచురించింది. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అయి, తొలి దశలో ఉన్న గడ్డల్లో 5 శాతం లేదా అంతకంటే తక్కువ ఉంటే కీమో అక్కర్లేదనడానికీ, 30 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే కీమో వైపు మొగ్గడానికీ ఈ అంకెను నమ్మవచ్చని అందులో ఉంది. మధ్యలో ఉన్నదంతా అనిశ్చిత ప్రాంతమే. మీ 12, వారి 28 రెండూ ఆ మధ్య ప్రాంతంలోనే పడ్డాయి. అంటే రెండు ల్యాబులూ ఆంకాలజిస్టుకు చెప్పినది ఒక్కటే: ఈ రోగి విషయంలో కేఐ-67 ఒక్కదాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోవద్దు, గ్రేడు చూడండి, వయసు చూడండి, వీలైతే బహుళ జన్యు పరీక్ష చేయించండి. కుటుంబంతో మాట్లాడేటప్పుడు ఈ మాటతోనే మొదలుపెట్టండి.

మరి ఇంత గొడవ ఎందుకు వచ్చింది? చాలామంది మనసులో ఇంకా 14 లేదా 20 అనే గీత ఉంది కాబట్టి. 2011లో సెయింట్ గాలెన్ నిపుణుల సమావేశం ఈఆర్ పాజిటివ్ గడ్డల్లో నెమ్మదిగా పెరిగే లూమినల్ ఎ, వేగంగా పెరిగే లూమినల్ బి రకాలను విడదీయడానికి 14 శాతాన్ని సూచించింది. ఆ అంకెకు మూలం 2009లో వచ్చిన ఒక అధ్యయనం. 2013 నాటికి అదే సమావేశంలో ఎక్కువమంది 20 శాతం వైపు మొగ్గారు. 2021 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అబెమాసిక్లిబ్ మందును శస్త్రచికిత్స తర్వాత వాడటానికి అనుమతిస్తూ, కేఐ-67 కనీసం 20 శాతం ఉండాలని షరతు పెట్టింది. 2023 మార్చిలో ఆ షరతును తీసేసింది. ఏ గీత అయినా ఒక ల్యాబులో, ఒక యాంటీబాడీతో, ఒక లెక్క పద్ధతితో పుట్టింది. ఆ మూడూ మార్చేసి గీతను మాత్రం అరువు తెచ్చుకుంటే, కుంచం మార్చి గింజలు తగ్గాయని వాదించినట్టే ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. 12, 28గా ఎక్కడ మారింది?

ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడినది ఆ కార్యవర్గమే 2013లో ప్రచురించిన అధ్యయనం. అనుభవమున్న ఎనిమిది ల్యాబులకు వంద రొమ్ము క్యాన్సర్ నమూనాలు ఇచ్చారు. ఒకే వ్యక్తి తన స్లైడులనే మళ్లీ లెక్కపెట్టినప్పుడు పొందిక 0.94 వచ్చింది. ఈ కొలమానంలో 1 అంటే పూర్తి ఏకాభిప్రాయం. ఒకేచోట స్టెయిన్ చేసిన స్లైడులను ఎనిమిది ల్యాబులూ చదివినప్పుడు అది 0.71కి దిగింది. ఎవరి స్టెయిన్ వారు వేసుకుని చదివినప్పుడు 0.59. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి మటుకు వారు నిలకడగానే ఉన్నారు. తేడా మనిషికీ మనిషికీ మధ్య ఉంది. అందులో పెద్ద భాగం లెక్కలో, మరికొంత స్టెయిన్‌లో. మీరు మీ స్లైడును నాలుగుసార్లు లెక్కపెట్టి నాలుగుసార్లూ 12 వచ్చిందని రాశారు. మీ లెక్క నిలకడగా ఉందని దానితో తెలుస్తుంది. పక్క ల్యాబుతో సరిపోలుతుందని మాత్రం తెలియదు.

కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. ఖర్చు లేకుండా సరిదిద్దుకోగలిగినది అదే.

ఆ ల్యాబువారిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: హాట్ స్పాట్‌లో (పాజిటివ్ కణాలు అత్యధికంగా ఉన్న చోట) లెక్కపెట్టారా, గడ్డ మొత్తానికి సగటు తీశారా? కేఐ-67 గడ్డంతటా ఒకేలా ఉండదు. అంచున గుంపుగా ఉండి, మధ్యలో పలచబడవచ్చు. ఎక్కువ గోధుమరంగు (పాజిటివ్ కణాల రంగు) కనిపించిన చోటే లెక్కపెడితే 28 రావడం, నాలుగు వేర్వేరు చోట్ల లెక్కపెట్టి సగటు తీస్తే 12 రావడం ఒకే స్లైడులో కూడా సాధ్యమే. రొమ్ము క్యాన్సర్‌కు కార్యవర్గం సిఫారసు చేసేది సగటు పద్ధతి. జీర్ణకోశ, క్లోమ న్యూరోఎండోక్రైన్ గడ్డలకు మాత్రం హాట్ స్పాట్‌లోనే లెక్కపెట్టాలి. అక్కడ 3 శాతం కన్నా తక్కువైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు గ్రేడ్ 2, 20 దాటితే అది గ్రేడ్ 3 స్థాయి. పొద్దున ఒక క్లోమ గడ్డ, మధ్యాహ్నం ఒక రొమ్ము గడ్డ చూసే మనలాంటివాళ్లు ఈ రెండు నియమాలను కలిపేయడం చాలా సులువు. నా అనుమానం మీ కేసులోనూ ఇదే, కానీ అడగకుండా తేల్చలేం.

ఏది పాజిటివ్ అన్న దానిలోనూ తేడాలుంటాయి. గడ్డ కణం కేంద్రకంలో గోధుమరంగు ఏ మాత్రం కనిపించినా అది పాజిటివే. ముదురుగా ఉంటేనే లెక్కలోకి తీసుకునే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల శాతం పడిపోతుంది. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), చుట్టూ ఉన్న స్ట్రోమా కణాలు, నాళంలోనే ఉండిపోయిన ఇన్‌సిటు భాగం లెక్కలోకి రాకూడదు. లింఫోసైట్లు దట్టంగా ఉన్న గడ్డలో, తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒక్క చూపుతో అంచనా వేసేవారు ఇక్కడే మోసపోతారు.

ఎన్ని కణాలు లెక్కపెట్టారన్నది మరో ప్రశ్న. ఇది సాదా గణాంకం. వంద కణాలు లెక్కపెడితే 14 పాజిటివ్ వచ్చాయనుకుందాం. నిజమైన విలువ 7 నుంచి 21 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, కేవలం యాదృచ్ఛికత వల్ల. ఐదు వందలు లెక్కపెడితే ఆ హద్దు 11 నుంచి 17కి, వెయ్యి లెక్కపెడితే సుమారు 12 నుంచి 16కి తగ్గుతుంది. అంటే వంద కణాలతో 14 శాతం గీతకు అటు ఉందో ఇటు ఉందో చెప్పడం అసాధ్యం. కనీసం 500, వీలైతే 1000 కణాలు అని సిఫారసులు చెప్పడానికి కారణం ఇదే. నేను నాలుగు చోట్ల, ఒక్కోచోట కనీసం 125 కణాలు లెక్కపెడతాను. ఆ చోట్లను తక్కువ మాగ్నిఫికేషన్‌లో ముందే ఎంచుకుంటాను: ఎక్కువగా, మధ్యస్థంగా, తక్కువగా ఉన్న ప్రాంతాలు గడ్డలో ఏ పాళ్లలో ఉన్నాయో ఆ పాళ్లలోనే. కెమెరాతో ఫొటో తీసి, కాగితం మీద ముద్రించి, పెన్నుతో టిక్కు పెడుతూ లెక్కపెట్టడం పాతకాలం పనిలా కనిపిస్తుంది. కానీ అయిదారు నిమిషాల పని, సాక్ష్యంగా కాగితం మిగులుతుంది. ఎవరైనా ప్రశ్నిస్తే ఆ కాగితాన్ని చూపించవచ్చు.

ఇలా ఒకే నియమం మీద శిక్షణ ఇచ్చాక, కార్యవర్గం తర్వాతి దశ అధ్యయనంలో ల్యాబుల మధ్య పొందిక 0.9 దాటింది.  ఏం లెక్కపెట్టాలో ముందుగా ఒప్పుకున్నారు, అంతే. మన పనిలో ఇంతకంటే ధైర్యాన్నిచ్చే ఫలితం నాకు తెలియదు.

ఇప్పుడు స్టెయిన్ విషయం. ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే కారణాలు అర్థమవుతాయి. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్డెస్, ఆయన సహచరులు ఈ యాంటీబాడీని కనుగొన్నారు. కీల్ స్పెల్లింగులోని మొదటి రెండు అక్షరాలు కె, ఐ. ప్లేటులో ఆ క్లోన్ (యాంటీబాడీని తయారుచేసే కణాల వంశం) ఉన్న గుంత సంఖ్య 67. పేరు అలా వచ్చింది. విభజన చక్రంలో ఉన్న కణాల్లో ఈ ప్రొటీన్ కనిపిస్తుంది, విశ్రాంతిలో ఉన్న కణాల్లో కనిపించదు. కానీ ఆ తొలి యాంటీబాడీ గడ్డకట్టించిన తాజా కణజాలం మీదే పనిచేసేది. ఫార్మలిన్‌లో ఉంచి ప్యారఫిన్‌లో పోతపోసిన బ్లాకుల మీద పనికిరాలేదు. ఫార్మలిన్ ప్రొటీన్ల మధ్య వంతెనలు కట్టి, యాంటీబాడీ అంటుకోవలసిన చోటును కప్పేస్తుంది. 1991లో మైక్రోవేవ్ వేడితో ఆ కప్పును తొలగించే పద్ధతి వచ్చింది. దానికి తోడు ప్యారఫిన్ సెక్షన్ల మీద పనిచేసే ఎంఐబీ-1 క్లోన్ వచ్చింది. కేఐ-67 మామూలు ల్యాబులకు చేరింది అప్పుడే. ఈ పరీక్ష పుట్టుకతోనే వేడి మీద ఆధారపడిందని గుర్తుంచుకోండి. ఈ వేడి దశ, అంటే యాంటీజెన్ రిట్రీవల్, సరిగా లేకపోతే ఎంత ఖరీదైన యాంటీబాడీ కొన్నా ప్రయోజనం లేదు.

మీరు ప్రెషర్ కుక్కర్‌తో, పీహెచ్ 6 సిట్రేట్‌తో చేస్తున్నామని రాశారు. ఆ ల్యాబులో ఆటోమేటిక్ యంత్రం, బహుశా పీహెచ్ 9 ద్రావణం. తేడాకు ఇది బలమైన కారణం కావచ్చు. చాలా క్లోన్లు పీహెచ్ 9లో ముదురుగా వస్తాయి. కుక్కర్ తప్పు కాదు, నేను చాలా ఏళ్లు కుక్కర్‌తోనే మంచి స్లైడులు తీశాను. కానీ కుక్కర్‌లో సమయం ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నారు? స్టవ్ వెలిగించినప్పటి నుంచా, పూర్తి పీడనం వచ్చినప్పటి నుంచా? ఎన్ని స్లైడులు పెట్టారన్నదాన్ని బట్టి, ద్రావణం మొదట ఎంత చల్లగా ఉందన్నదాన్ని బట్టి, స్టవ్ వెలిగించినప్పటి నుంచి లెక్కపెట్టిన సమయం రోజుకోలా మారుతుంది. పీడనం వచ్చాకే గడియారం చూడండి. ద్రావణం పీహెచ్‌ను ప్రతి బ్యాచికీ మీటరుతో కొలవండి, ఆ మీటరును వారానికోసారి ప్రామాణిక ద్రావణాలతో సరిచూడండి. దించాక స్లైడులు అదే ద్రావణంలో ఇరవై నిమిషాలు చల్లారాలి. తొందరపడి చల్లటి నీళ్లలో ముంచితే సెక్షన్ ఊడుతుంది, ఊడనిచోట కూడా స్టెయిన్ అసమంగా వస్తుంది. మధ్యలో కరెంటు పోయి వేడి తెగిన బ్యాచిని చదవకండి. మళ్లీ కోసి మళ్లీ చేయండి.

యాంటీబాడీ పలుచన విషయంలో కంపెనీ కాగితం మీద ఉన్న నిష్పత్తి మొదలుపెట్టడానికి మాత్రమే. మీ ద్రావణం, మీ వేడి, మీ డిటెక్షన్ కిట్‌తో టాన్సిల్ మీద మూడు నాలుగు పలుచనలు వేసి చూసి, మీది మీరు తేల్చుకోవాలి. కొత్త లాటు వచ్చిన ప్రతిసారీ పాత లాటుతో పక్కపక్కన ఒకసారి నడపండి.

కేంద్రకాలకు నీలం రంగు వేసే హెమటాక్సిలిన్ గురించి ఎవరూ పట్టించుకోరు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. నీలం మరీ ముదురైతే, పలచటి గోధుమరంగు కేంద్రకాలు దాని కింద మునిగిపోతాయి, శాతం తగ్గుతుంది. నీలం మరీ పలచనైతే, నెగెటివ్ కేంద్రకాలు కంటికి కనిపించక, భాగహారంలో కింద ఉండవలసిన సంఖ్య తగ్గిపోతుంది, శాతం పెరుగుతుంది. ఒక ద్రావణంలో అర నిమిషం తేడాతో ఫలితం అటూ ఇటూ ఊగడం నేను కళ్లారా చూశాను. సాధారణ స్లైడులకు వాడే ముదురు హెమటాక్సిలిన్‌నే, అదే సమయం పాటు ఇక్కడా వాడటం మన చిన్న ల్యాబుల్లో చాలా మామూలు. మీ 12కు ఇది కూడా కారణమేమో, స్లైడును మళ్లీ చూడండి.

ఇన్ని చూడాలంటే ఏదో ఒక కొలబద్ద కావాలి కదా. అదే టాన్సిల్. ప్రతి స్లైడు చివర, రోగి సెక్షన్ పక్కనే, చిన్న టాన్సిల్ ముక్క ఉండాలి. వేరే స్లైడు మీద పెట్టిన కంట్రోల్ ఆ స్లైడు గురించే చెబుతుంది. రోగి స్లైడు మీద యాంటీబాడీ చుక్క పడిందో లేదో దానికి తెలియదు. టాన్సిల్‌లో జెర్మినల్ సెంటర్ (కణాలు వేగంగా విభజన చెందే గుండ్రటి మధ్యభాగం) ముదురు గోధుమరంగులో దట్టంగా ఉండాలి, దాని చుట్టూ ఉన్న మాంటిల్ వలయంలో అక్కడక్కడ మాత్రమే, పైపొర ఎపితీలియంలో అడుగు భాగాన వరుసగా, పైభాగాన ఏమీ లేకుండా. మొదట మీరు చూడవలసింది ఆ అడుగు పొరలోని పలచటి కేంద్రకాలను. జెర్మినల్ సెంటర్ ఎంత చెడ్డ స్టెయిన్‌లోనైనా ముదురుగానే వస్తుంది, దాన్ని చూసి సంతోషించి రిపోర్టు రాస్తే మోసపోతాం. బలమైన కంట్రోల్ పాసైనంత మాత్రాన బలహీనమైన పాజిటివ్‌లు దక్కాయని అర్థం కాదు.

ఈ మాట ఎంత పెద్దదో తెలియాలంటే కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కథ తెలుసుకోవాలి. 1997 నుంచి 2005 దాకా అక్కడ రొమ్ము క్యాన్సర్ రోగులకు జరిగిన హార్మోన్ రిసెప్టర్ పరీక్షల్లో పెద్ద ఎత్తున తప్పులు బయటపడ్డాయి. 2005లో ఒక రోగి నమూనాను తిరిగి పరీక్షిస్తే నెగెటివ్ కాస్తా పాజిటివ్ అయింది. ఆ తర్వాత పాత నెగెటివ్ నమూనాలను తిరిగి పరీక్షింపజేశారు. కనీసం 386 మందికి తప్పు ఫలితం వెళ్లిందని తేలింది. న్యాయమూర్తి మార్గరెట్ కామెరాన్ నేతృత్వంలోని విచారణ సంఘం 2009లో నివేదిక ఇచ్చింది. ఈఆర్ పాజిటివ్ రోగికి నెగెటివ్ అని రాస్తే, ఆమెకు రావలసిన టామాక్సిఫెన్ మాత్ర రాదు. చవకైన, ఏళ్లపాటు కాపాడే మాత్ర. మనం రాసే ఒక్క పదం దాన్ని ఆమె చేతి నుంచి లాగేయగలదు. కొత్తగా చేరిన ప్రతి టెక్నీషియనుకూ నేను ఈ కథ చెబుతాను.

నాకూ ఒక కథ ఉంది. చెప్పడం కష్టమే అయినా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట భోగికి ముందురోజు సాయంత్రం ఒక ఆస్పత్రిలో మాస్టెక్టమీ జరిగింది. తీసిన రొమ్మును కోయకుండా, అలాగే ఒక బకెట్‌లో వేసి పైన ఫార్మలిన్ పోశారు. ఆ ఫార్మలిన్ థియేటరులోనే కుళాయి నీళ్లతో ఒక అంచనా మీద కలిపినది. సంక్రాంతి, కనుమ దాటాక అది మా ల్యాబుకు వచ్చింది. పైన ఒక సెంటీమీటరు మేర గట్టిపడింది, లోపల గడ్డ ఉన్నచోట మెత్తగా, రంగు మారి ఉంది. ఈఆర్ నెగెటివ్ వచ్చింది. నేను అలాగే రాసి పంపాను. మూడు వారాల తర్వాత ఆమె పాత కోర్ బయాప్సీ బ్లాకు దొరికితే, దాని మీద చేసిన పరీక్షలో దాదాపు ప్రతి కణమూ పాజిటివ్. నా స్లైడును తిరిగి తీసి చూశాను. గడ్డ పక్కనే ఉన్న మామూలు పాలనాళాల్లో కూడా ఈఆర్ లేదు. మామూలు నాళాల్లో కొన్ని కణాలైనా పాజిటివ్‌గా ఉండి తీరాలి. అవి లేవంటే పరీక్షే విఫలమైందని అర్థం. ఆ సంగతి ఆ స్లైడులో నా కళ్ల ముందే ఉంది, నేను చూడలేదు. రిపోర్టు సవరించాం, ఆమెకు చికిత్స మొదలైంది. ఆ రోజు నుంచి, రొమ్ము స్లైడులో ముందు మామూలు నాళాన్ని వెతికి చూడకుండా నేను నెగెటివ్ అని రాయలేదు.

మీ కేసులో బ్లాకు ఒకటే కాబట్టి ఫిక్సేషన్ (ఫార్మలిన్‌లో కణజాలాన్ని స్థిరపరచడం) ఇద్దరికీ సమానమే అనిపిస్తుంది. కానీ సరిగా ఫిక్స్ కాని కణజాలం రిట్రీవల్‌లో చిన్న తేడాకు కూడా పెద్దగా స్పందిస్తుంది. బాగా ఫిక్స్ అయిన బ్లాకు మీద రెండు పద్ధతులూ దగ్గర దగ్గరగా వస్తాయి, చెడ్డ బ్లాకు మీద దూరంగా పోతాయి. అందుకే ఫిక్సేషన్‌ను వదిలి ప్రామాణికత గురించి మాట్లాడలేం.

నియమాలు మీకు తెలిసినవే: కోసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా ఉండాలి. కనీసం ఆరు గంటలు ఎందుకో చాలామంది అడగరు. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున వెళుతుంది. సన్నటి కోర్ ముక్కలోకి గంటలోనే చేరిపోతుంది. కానీ చేరడం వేరు, వంతెనలు కట్టడం వేరు. దానికి గంటలు పడుతుంది. రిపోర్టు త్వరగా కావాలని రెండు గంటలకే ప్రాసెసర్‌లో పెడితే, మిగిలిన పని ఆల్కహాల్ చేస్తుంది. అప్పుడు ఫార్మలిన్ కోసం తయారుచేసుకున్న రిట్రీవల్ పద్ధతి ఆ ముక్కకు సరిపోదు. ఆ కుటుంబం రిపోర్టు కోసం తొందరపడిందని మీరు రాశారు కదా, ఆ బయాప్సీ ఎన్ని గంటలు ఫార్మలిన్‌లో ఉందో రిజిస్టరులో చూడండి. పెద్ద స్పెసిమెన్లయితే వచ్చిన వెంటనే అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు మందంతో ముక్కలుగా కోసి, మధ్యలో దూది లేదా గాజుగుడ్డ పెట్టాలి. ముక్కకు పదింతల ఫార్మలిన్ ఉండాలి.

ఫార్మలిన్ థియేటరులో కలపనివ్వకండి. మేము ల్యాబులోనే కలిపి పంపుతాం: గాఢ ఫార్మలిన్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ తొమ్మిది వంతులు, లీటరుకు మోనోసోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. లవణాలు లేకపోతే ఆమ్లత్వం పెరిగి, రక్తం ఉన్నచోట ముదురు గోధుమ పొడి ఏర్పడుతుంది, అది పాజిటివ్‌లా కనిపించి తికమక పెడుతుంది. సీసా మీద రెండు ఖాళీలున్న చీటీ అతికిస్తాం: కోసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం. మొదట్లో ఎవరూ నింపేవారు కాదు. ఒకరోజు థియేటర్ సిస్టర్లను ల్యాబుకు పిలిచి, బాగా ఫిక్స్ అయిన స్లైడు, కుళ్లిన స్లైడు పక్కపక్కన చూపించాను. ఆ నెల నుంచి ఖాళీ చీటీలు అరుదు. ఎన్ని సర్క్యులర్లు పంపినా రాని మార్పు అది.

ఒక విషయం ఆ ల్యాబును కచ్చితంగా అడగండి. కుటుంబం తీసుకువెళ్లింది బ్లాకునా, కోసిన స్లైడులనా? కోసి స్టెయిన్ చేయకుండా ఉంచిన స్లైడులు రోజులు గడిచేకొద్దీ శక్తి కోల్పోతాయి, వేసవిలో బస్సు ప్రయాణం తర్వాత మరీనూ. సెక్షన్ మందం కూడా 4 మైక్రాన్ల దగ్గర ఇద్దరిదీ ఒకేలా ఉండాలి.

ఇతర మార్కర్ల గురించి ఒక్క మాట. హెర్2లో ఒకప్పుడు 3+ అవునా కాదా అన్నదే ప్రశ్న. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఫలితాలు వచ్చాక 0కీ 1+కీ మధ్య తేడా కూడా చికిత్సకు ముఖ్యమైంది. మన పాత స్టెయిన్లు ఆ తేడాను చూపడానికి తయారైనవి కావు. ఇమ్యునోథెరపీ మందుల కోసం చూసే పీడీ-ఎల్1లో 22సీ3, ఎస్‌పీ142 వంటి క్లోన్లు వేర్వేరు మందుల కోసం తయారయ్యాయి. ఒకదాని ఫలితాన్ని మరోదాని గీతతో పోల్చకండి.

సాఫ్ట్‌వేరు కొనాలా అని అడిగారు. క్యూపాత్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. కణాలను బాగానే లెక్కపెడుతుంది. కానీ స్టెయిన్ సరిచేసుకున్నాకే దాని దగ్గరకు వెళ్లండి. చెడ్డ స్లైడును అది అంతే నిలకడగా తప్పుగా లెక్కపెడుతుంది. గోధుమరంగు ముదురుదనాన్ని ప్రొటీన్ పరిమాణంగా రాయకండి, ఆ గోధుమరంగునిచ్చే డీఏబీ రసాయనం ఆ లెక్కకు లొంగదు.

బయటి నాణ్యతా పరీక్షలు కచ్చితంగా కావాలి. బ్రిటన్ నీక్వాస్, డెన్మార్క్ నుంచి నడిచే నార్డిక్యూసీ పేరున్నవి. నార్డిక్యూసీ ఏ క్లోన్ ఏ పద్ధతిలో బాగా వస్తుందో ఫొటోలతో తన వెబ్‌సైటులో పెడుతుంది, సభ్యులు కాకపోయినా చదవవచ్చు. నేను ప్రతి కొత్త యాంటీబాడీకి ముందు అక్కడ చూస్తాను. చందా భారమైతే, దగ్గరి ల్యాబుతో జత కట్టండి. మూడు నెలలకోసారి పది బ్లాకులు మార్చుకుని, ఇద్దరూ స్టెయిన్ చేసి, ఇద్దరూ రెండు స్లైడులనూ లెక్కపెట్టండి. తేడా స్టెయిన్‌లో ఉందో కంటిలో ఉందో వెంటనే తేలుతుంది. కేఐ-67 కోసం ఎంచుకునే పది బ్లాకుల్లో ఆరేడు 5కీ 30కీ మధ్యవే ఉండాలి. 2 శాతం, 80 శాతం ఉన్నవాటి మీద అందరూ ఏకీభవిస్తారు, వాటివల్ల నేర్చుకునేదేమీ లేదు. ఈఆర్, హెర్2 లాంటి చికిత్సను నిర్ణయించే పరీక్ష కొత్తగా పెట్టేటప్పుడు కనీసం 20 పాజిటివ్, 20 నెగెటివ్ కేసులతో సరిచూసి, 90 శాతానికి తగ్గకుండా పొందిక ఉందని తేల్చుకోండి. నెలనెలా మీ ఈఆర్ పాజిటివ్ శాతాన్నీ, కేఐ-67 మధ్యస్థ విలువనూ ఒక గ్రాఫులో గుర్తించండి. గీత ఉన్నట్టుండి ఒరిగితే, రోగులు మారలేదు, సీసా ఏదో మారింది.

మీ రోగి దగ్గరకు వద్దాం. ఆ ల్యాబు స్లైడును తెప్పించుకోండి, లేదా మీరే వెళ్లండి. రెండు స్లైడులూ ఒకే సూక్ష్మదర్శిని కింద పెట్టి, రోగి సెక్షన్‌ను చూడకముందు రెండింటి టాన్సిల్‌నూ చూడండి. ఒక కంట్రోల్ అడుగు పొర పలచబడి ఉంటే, ఆ స్లైడును పక్కన పెట్టి తిరిగి చేయించండి. రెండూ బాగుంటే ఇద్దరూ కలిసి సగటు పద్ధతిలో, ఒకే నియమంతో 500 కణాలు లెక్కపెట్టండి. ఉదాహరణకు 18 శాతం వచ్చిందనుకోండి, రిపోర్టులో ఇలా రాయండి: "కేఐ-67: 18 శాతం, సగటు పద్ధతి, 500 కణాలు, సాధ్యమైన హద్దు 15 నుంచి 21, క్లోన్ ఎంఐబీ-1, కంట్రోల్ సంతృప్తికరం. 5, 30 శాతాల మధ్య ఉన్నందున ఈ ఒక్క ఫలితంతో కీమోథెరపీ నిర్ణయం తగదు." సంతకాలు రెండూ ఉంటే ఇంకా మంచిది.

ఆమె కుమారుడిని పిలిచి ఆ కాగితం చూపించండి. మొదటి రెండు రిపోర్టులూ ఒకే మధ్య ప్రాంతాన్ని చెప్పాయనీ, అమ్మగారి గడ్డ గ్రేడు, వయసు, ఈఆర్ బలం చూసి డాక్టర్లు నిర్ణయిస్తారనీ చెప్పండి. హైదరాబాద్ ల్యాబుదే తప్పని గానీ, మీదే తప్పని గానీ స్లైడులు రెండూ చూడకముందు ఒప్పుకోకండి. రెండు టాన్సిల్ ఫొటోలు, బయాప్సీ ఫార్మలిన్‌లో ఉన్న గంటల లెక్క నాకు పంపితే, మీ రిట్రీవల్‌లో ఏం మార్చాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.